ఇంటిపేరు – ఊరిపేరు

రైలుబండిపై హైదరాబాదునకు వచ్చిన పల్లెటూరి పెద్దలలో నాంపల్లి స్టేషను నెరుగనివారు అరుదు. మూట చంకనిడుకొని బండి దిగి, స్టేషను వాకిలి దాటి, తూర్పుగా పోవు బాట పట్టి కొంతసేపు నడచినచో ఆబిదుషాపు వచ్చును. అచటినుండి మరికొంతదూరము పోయినచో సుల్తానుబజారు వచ్చును. ఈ నడకలో మనకు దుకాణములు, వాహనములు, జనసమ్మర్దము కన్నులపండువుగా గానవచ్చును. కాని నేడు నేను తమ దృష్టిని మరలింపదలచినది వానివైపు గాదు, ఆ చోటుల పేర్లవైపు. ఆ పేర్లలో మనుష్యులున్నారు. మన ఇంటిపేర్లలో ఊళ్లున్నవి. మనిషి పేరు ఊరికి పోవుట యొక దారి. ఊరి పేరు మనిషికి వచ్చుట మరియొక దారి. ఈ రెండు దారులును కలిసికొనుచోట నిలిచి, అరుదైన యొక ఇంటిపేరు ఎట్లు పుట్టును, ఎట్లు బ్రతుకును, ఎట్లు మాసిపోవును అను విషయమును విచారింతము.

మొదట నాంపల్లి. పల్లె యను తెలుగుమాట అందరకు దెలిసినదే. దానికి ముందున్న ‘నాం’ అనునది పారసీకపదము. గోలకొండ నేలిన అబ్దుల్లా కుతుబుషా కాలమున రజా ఖులీ బేగు అను నొక ఉన్నతాధికారి యుండెను. ఆయనకు ‘నేక్‌నాం ఖాన్’ అను బిరుదము కలదు. ఆయన 1672వ సంవత్సరమున మరణించెను. ఆయన పేరిట ‘నేక్‌నాంపల్లి’ యని వ్యవహరింపబడిన పల్లెయే కాలక్రమమున నాంపల్లి యైనదని పెద్దలు చెప్పుదురు. పారసీకమున ‘నేక్’ అనగా మంచి; ‘నాం’ అనగా పేరు. మన సంస్కృత ‘నామ’ శబ్దమును, ఇంగ్లీషువారి ‘నేమ్’ శబ్దమును దీనికి తోబుట్టువులు. తెలుగు ‘పేరు’ మాత్రము వేరుకుదురునకు జెందినది. అరవవారి ‘పెయర్’, కన్నడిగుల ‘హెసరు’ దాని చుట్టములు. మంచి పేరు గలవాని పల్లెలో మంచి జారిపోయి, పేరు మాత్రము మిగిలినది! ఆ విధముగా చూచినచో నాంపల్లి యనగా పేరుపల్లి యనియే యర్థము. పేర్లను గూర్చి ముచ్చటించుకొనుటకు ఇంతకన్న తగినచోటు దొరకదు.

ఆ నాంపల్లిలోనే యూసఫైన్ దర్గా యున్నది. ఔరంగజేబు సైన్యముతో వచ్చినవారుగా జెప్పబడు యూసఫు, షరీఫు అను నిద్దరు మహనీయుల సమాధులచట గలవు. అరబ్బీభాషలో ఏకవచన బహువచనములే గాక, సంస్కృతమునందువలె ద్వివచనమును గలదు. ‘యూసఫైన్’ అనునది ద్వివచనరూపము. ఇద్దరు యూసఫులని దాని యర్థము. ఇద్దరును ఒక్కపేరివారు గాకున్నను జనుల నోట ఒక్కరి పేరే ఇద్దరకును జెల్లినది. ఒకపేరు నిలుచునపుడు దాని ప్రక్కనున్న పేరు ఎట్లు మరుగుపడునో చూపుటకు ఇది మొదటి యుదాహరణము.

ఇక ఆబిదుషాపు. ఆరవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాన్ 1869 మొదలు 1911 వరకు ప్రభువుగా నుండెను. ఆయన కొలువులో వస్త్రాలంకరణాదులను జూచుకొను సేవకుడుగా ఆల్బర్టు ఆబిద్ అను నొకడుండెను. ఆయన ఆర్మీనియా సంబంధముగల యూదుడు. ఆయన ఈ చోట నొక దుకాణము నడపెను. జనులు దానిని ఆబిదుషాపు అనిరి. ఇంగ్లీషు ధోరణిలో ‘ఆబిద్’ అను పేరునకు షష్ఠీవిభక్తికి బదులుగా ‘స్’ చేర్చుటచేత ‘ఆబిడ్స్’ అయ్యెను. అనగా ఆబిదుయొక్క చోటు. దుకాణము పోయినది, నడపినవాడు పోయెను, ఆయన కొలిచిన ప్రభువును పోయెను. విభక్తిప్రత్యయముతో కూడ పేరు మాత్రము నగరమున నొక పేటయై నిలిచినది.

ఆబిద్ అను శబ్దమునకు అరబ్బీలో ఉపాసకుడు, భగవదారాధన చేయువాడు అని యర్థము. ఆర్మీనియనుల ఇంటిపేర్లు సాధారణముగా ‘యాన్’ అను ప్రత్యయముతో ముగియును. ఫలానివారి సంతతి, ఫలానివారికి జెందినవారు అని దాని భావము. ఆబిద్ అనునది ఆ కోవలోనిది గాదు. అట్టి పేరు ఇంటిపేరుగా నుండుట ఆ జాతిలో విశేషమే. ఇచట శ్రోతలొక జాగ్రత్త వహింపవలెను. హైదరాబాదు చరిత్రలో మరియొక ఆబిదు గలడు. ఆయన ఖ్వాజా ఆబిద్. మొదటి నిజామునకు పితామహుడు. ఔరంగజేబు పక్షమున గోలకొండ ముట్టడిలో 1687వ సంవత్సరమున ఫిరంగిదెబ్బకు చేయి తెగి మరణించెను. ఆయన సమాధి హిమాయత్‌సాగరు ప్రాంతమున గలదు. పేరొక్కటే యని ఆబిదుషాపును ఆయనకు ముడిపెట్టిన యెడల పప్పులో కాలిడినట్లగును. పేరు ఒక్కటైనంతమాత్రమున వంశమొక్కటి గాదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. మన ఇంటిపేర్లకును ఇదే వర్తించును.

ఆబిదుషాపునకు చేరువనే గన్‌ఫౌండ్రీ యున్నది. రెండవ నిజాముకాలమున ఫ్రెంచి సేనాని రేమాన్ అచట ఫిరంగులు పోతపోయించెను. ఉర్దూలో దానిని ‘తోప్ కా సాంచా’ అందురు. ఆయన 1798వ సంవత్సరమున మరణించెను. ‘మొస్యే రేమాన్’ అను ఫ్రెంచిపలుకు మన నాలుకకు లొంగలేదు. హిందువులు ఆయనను ‘మూసారాం’ అనియు, మహమ్మదీయులు ‘మూసారహీం’ అనియు బిలిచిరి. నేటి మూసారాంబాగునకు ఆయన పేరే మూలము. క్రైస్తవదేశపు సేనాని పేరు రామనామములోను, రహీంనామములోను ఇమిడిపోవుట ఈ నగరమునందే సాధ్యము. అట్లే ఆబిదుషాపు ప్రక్కనున్న చిరాగలీ సందు మౌల్వీ చిరాగ్ అలీ పేరిటిది. ఆయన నిజాం ప్రభుత్వమున ఉన్నతోద్యోగి, గ్రంథకర్త. 1895వ సంవత్సరమున గతించెను. ఈ యుదాహరణములన్నిటను మనిషిపేరు చోటునకు బోయినది.

మన తెలుగుపల్లెలలో జరిగినది దీనికి దాదాపు విపరీతము. మన ఇంటిపేర్లలో పెక్కులు ఊరిపేర్ల నుండి వచ్చినవి. కందుకూరి వీరేశలింగముగారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. వారి పూర్వులు కందుకూరునుండి వచ్చినవారగుటచే వారికి ఆ ఇంటిపేరు గలిగెను. ఇందొక చిన్న రహస్యమున్నది. కందుకూరులో నున్నంతకాలము ఎవనినిగాని కందుకూరివాడని పిలువవలసిన పనియే లేదు. అచట అందరును కందుకూరివారే. ఊరు విడిచి వేరొకచోట స్థిరపడినపుడే ‘ఏ యూరివారు?’ అను ప్రశ్న పుట్టును. దానికి జెప్పిన సమాధానమే ఇంటిపేరగును. కావున ఊరిపేరు గల ప్రతి ఇంటిపేరును ఒక వలసకు సాక్ష్యము. తాతముత్తాతలు ఏ కరవుననో, ఏ యుద్ధముననో, ఏ కొలువునకో, ఏ చుట్టరికముననో కదలి వచ్చినారని చెప్పు పత్రము వంటిది.

ఈ పేర్లకు వ్యాకరణమును గలదు. కందుకూరు అను ఊరు ఇంటిపేరగునపుడు కందుకూరి యగును. పాడు అను పదముతో ముగియు ఊరు పాటి యగును: రావిపాడు రావిపాటి, మాడపాడు మాడపాటి. వీడు వీటి యగును: కొండవీడు కొండవీటి. పురము పురపు అగును. మన వైయాకరణులు దీనినే ఔపవిభక్తికమందురు. అనగా షష్ఠ్యర్థమును దెలుపు రూపము. కందుకూరి యనగా కందుకూరియొక్క యని యర్థము. ఇప్పుడు ఆబిడ్స్ అను మాటను మరల స్మరింపుడు. అచట ఇంగ్లీషువారి ‘స్’ చేసిన పనినే ఇచట మన ‘టి’, ‘రి’, ‘పు’ వర్ణములు చేయుచున్నవి. అది ‘ఎవరిది?’ అను ప్రశ్నకు సమాధానము, ఇది ‘ఎక్కడివారు?’ అను ప్రశ్నకు సమాధానము. రెండును సంబంధమును దెలుపునవే.

ఊరిపేరు పాత ఇంటిపేరును త్రోసివేసి తాను గూర్చుండుటయు గలదు. 1952 మొదలు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండిన బూర్గుల రామకృష్ణారావుగారి వంశీకుల తొలి ఇంటిపేరు పుల్లంరాజువారు. బూర్గుల గ్రామమువారగుటచే ఆ గ్రామనామమే వారికి ఇంటిపేరై స్థిరపడెను. మునుపటి కాలమున ఇంటిపేరు రాతిమీది గీత గాదు. నదివలె పాత రేవును విడిచి క్రొత్త రేవును బట్టుచుండెడిది.

పదవుల వలన వచ్చిన పేర్లు వేరొక తరగతి. తెలంగాణమున దేశముఖు, దేశపాండ్య, పట్వారి, కరణము మొదలగునవి ఉద్యోగనామములు. 1920 మొదలు 1934 వరకు నగర కొత్వాలుగా బనిచేసిన రాజాబహద్దూరు వెంకటరామారెడ్డిగారిని జనులు నేటికిని కొత్వాలు వెంకటరామారెడ్డి యనియే స్మరింతురు. ఆబిదుషాపు సమీపముననే యున్న రెడ్డి హాస్టలు 1918లో వెలయుటకు వారే ప్రధానపురుషులు. వారి విషయమున పదవి ఇంటిపేరు స్థానమున గూర్చున్నది. గ్రామములలో వంశపారంపర్యముగా వచ్చుచుండిన పటేలు, పట్వారి, కరణముల పదవులు 1984లో రద్దయ్యెను. పదవి పోయినను పేరు మాత్రము కొన్ని ఇండ్ల వాకిండ్లలో నిలిచియే యున్నది.

చెట్ల పేర్లు మరియొక తరగతి. వేముల, చింతల, తుమ్మల, జువ్వల, మామిడి, మర్రి, రావి, తాడి — వీనిని వినని తెలుగువాడుండడు. బూర్గుల యను ఊరిపేరునందును బూరుగుచెట్టే కానవచ్చుచున్నది. అనగా చెట్టు ఊరైనది, ఊరు ఇంటిపేరైనది. కాని ఈ పేర్లన్నిటను చెట్టు అను మాట జారిపోయినది. చెట్టుయొక్క జాతి మాత్రము మిగిలినది. చింతచెట్టువారని గాక చింతలవారని యందుము. మర్రిచెట్టువారని గాక మర్రివారని యందుము. చెట్టు అను పదమును గూడ విడువక మోసికొని వచ్చిన ఇంటిపేర్లు మిక్కిలి యరుదు. అట్టి యరుదైన పేరొకటి మనలను సుల్తానుబజారునకు దీసికొనిపోవును. అది రావిచెట్టువారి పేరు.

రావిచెట్టు రంగారావుగారు 1877లో జన్మించి 1910లో, ముప్పదిమూడేండ్లయినను నిండకుండగనే, దివంగతులైరి. ఆనాడు సుల్తానుబజారు ప్రాంతమును రెసిడెన్సీబజారు లందురు. ఇంగ్లీషు రెసిడెంటు అధికారము క్రింద నున్న ఆ బజారులు 1933లో మరల నిజాము ప్రభుత్వము వశమైనవి. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన రంగారావుగారి ఇంటనే శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము స్థాపింపబడెను. కొమర్రాజు లక్ష్మణరావుగారును, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారును వారికి తోడు నిలిచిరి. ఉర్దూభాష రాజ్యమేలుచుండిన కాలమున తెలుగుపుస్తకమునకు తెలుగుదేశపు రాజధానిలో ఒక గూడు గట్టుట సామాన్యకార్యము గాదు. 1906లో విజ్ఞానచంద్రికామండలి హైదరాబాదున వెలయుటయందును రంగారావుగారి చేయి గలదు. వారి మరణానంతరము సహధర్మచారిణి లక్ష్మీనరసమ్మగారు భాషానిలయమునకు ధనసహాయము చేసి భర్త యారంభించిన పనిని నిలిపిరి.

రావిచెట్టు మనకు అశ్వత్థము. ఊరి నడుమ రచ్చబండకు నీడనిచ్చునది, పంచాయితీకి సాక్షియైనది, ప్రదక్షిణములకు దేవతయైనది. ఊరిలో పెక్కు ఇండ్లున్నను ‘రావిచెట్టు దగ్గరివారు’ అనినచో ఏ ఇల్లో వెంటనే తెలిసిపోవును. చెట్టుపేరు ఊరి ద్వారమున ఇంటికి వచ్చినపుడు రావిపాటి, రావులపల్లి వంటి పేర్లగును; చెట్టే గురుతుగా నేరుగా ఇంటికి వచ్చినపుడు చెట్టు అను మాట నిలుచును. ఒక ఊరి పేరైనచో ఆ ఊరినుండి కదలిన పదిండ్లవారు, పది కులములవారును ఆ పేరును ధరింపవచ్చును. కావుననే కందుకూరివారు వేరువేరు కులములలో గానవత్తురు. చెట్టు గురుతైనచో ఆ చెట్టుక్రింది ఒక్క ఇంటికే ఆ పేరు చెల్లును. అరుదగుటకు అదియే మొదటి హేతువు: పుట్టుకయందే ఒక్క ఇంటిది.

రెండవ హేతువును లెక్కవేసి చూతము. పెద్దలు పలక బలపము తీసికొని నాతో కూడ లెక్కింపవచ్చును. ఒక సీమలో నూరిండ్లున్నవనుకొందము. నూటికిని నూరు వేరువేరు ఇంటిపేర్లు. వానిలో నాల్గవవంతు ఇండ్లలో మగసంతతి లేదు. సగమిండ్లలో ఒక్కొక్క కుమారుడు. తక్కిన నాల్గవవంతు ఇండ్లలో ఇద్దరిద్దరు కుమారులు. మొత్తము కుమారులు నూరుగురే, జనసంఖ్య తరుగలేదు. కాని పేర్లు? మొదటి తరమున నూటికి 25 పేర్లు పోయినవి. ఇదే రీతి సాగినచో రెండవ తరము ముగియునప్పటికి 39 పేర్లు, మూడవ తరమునకు 48 పేర్లు మాసిపోవును. ఇండ్లు నూరును నూరుగనే యుండును. పేర్లు మాత్రము సగమే మిగులును. శ్రాద్ధమున మనము తండ్రిని, తాతను, ముత్తాతను — మూడు తరములవారినే — పేరుపెట్టి పిలుతుము. ఆ మూడు తరములలోనే ఒంటియింటి పేర్లలో సగము కాలగర్భమున గలిసిపోవునన్నమాట. ఎవరును చంపలేదు, ఎవరును వెడలగొట్టలేదు. లెక్కయే వానిని హరించినది.

ఈ ప్రశ్న మనకు మాత్రమే పుట్టినది గాదు. ఇంగ్లండున గొప్ప కుటుంబముల పేర్లు మాసిపోవుట చూచి ఫ్రాన్సిస్ గాల్టన్ అను పండితుడు 1873లో దీనిని గణితశాస్త్రజ్ఞుల ముందుంచెను. వాట్సన్ అను నాతడు సమాధానమును సాధించెను. గొప్పవారి వంశములు బలహీనమగుటచే పేర్లు పోవుచున్నవని లోకులనుకొనుచుండిరి. అది నిజము గాకపోవచ్చుననియు, కేవలము యాదృచ్ఛికముగనే పేర్లు అంతరించుననియు ఈ లెక్క దెలిపినది.

దేశదేశముల స్థితి యీ లెక్కకు సాక్ష్యమిచ్చుచున్నది. చీనాదేశమున ఇంటిపేర్లు వేలయేండ్లనాటివి. తరతరముల వడపోతలో కొన్నియే మిగిలినవి. అచటి జనులలో నూటికి 85 మంది కేవలము నూరు ఇంటిపేర్లలో నిముడుదురు. జపానులో సామాన్యజనులెల్లరును ఇంటిపేరు ధరింపవలెనని 1875లో శాసనమయ్యెను. వడపోతకు ఇంకను కాలము చాలలేదు; కావున అచటి ఇంటిపేర్లు లక్షకు మించియున్నవి. తురుష్కదేశమున 1934లోగాని ఇంటిపేర్ల శాసనము రాలేదు. పాతపేర్లు కొద్దిగను, క్రొత్తపేర్లు విస్తారముగను ఉండుట సహజమే.

మన పూర్వులు ఈ నష్టమును గుర్తింపకపోలేదు. దత్తతస్వీకారమునకు పిండోదకములు, ఆస్తి మొదలగు ప్రయోజనములు ఉండనే యున్నవి. వానితోబాటు ఇంటిపేరు నిలుపుటయు దాని ఫలములలో నొకటి. ఇల్లరికపుటల్లుని కుమారుని మాతామహుని ఇంటికి దత్తునిచ్చుట మనయెరుకలోనిదే. అంతకంటె ముఖ్యమైన యుపాయము మరియొకటి యుండెను: క్రొత్తపేర్లు పుట్టుచుండెను. ఒకడు ఊరు మారెను, క్రొత్తపేరు గలిగెను, పుల్లంరాజువారు బూర్గులవారైరి. ఒకవైపు పేర్లు ఇంకిపోవుచున్నను, వేరొకవైపు ఊరుచుండెను. బావిలో తోడినకొలది ఊట వచ్చుచుండెను.

నేడు ఆ ఊట నిలిచినది. బడిలో చేర్చిననాడు వ్రాసిన పేరే జీవితాంతము చెల్లవలెను. భూమిపత్రములలో, పరీక్షాపత్రములలో, ప్రయాణపత్రములలో అక్షరము మారినను తంటాయే. ఊరు విడిచి ఆబిదుషాపున కాపురము పెట్టినంతమాత్రమున ఎవడును ఆబిదుషాపువాడని ఇంటిపేరు మార్చుకొనలేడు. క్రొత్తపేర్లు పుట్టుట ఆగినది. పాతపేర్లు పోవుట ఆగలేదు. తోడుట సాగుచు ఊట నిలిచిన బావి ఎంతకాలము నిలుచునో సేద్యము చేసిన పెద్దలకు నేను చెప్పవలసిన పనిలేదు.

దీనికితోడు మరియొక ముప్పు వచ్చిపడినది. మనము ఇంటిపేరును ముందు వ్రాయుదుము. ఇంగ్లీషు పద్ధతిలో దానిని ఒక పొడి యక్షరముగా కుదించితిమి. రావిచెట్టు అను పేరు ‘రా’ యైనది. రామడుగువారును ‘రా’, రాయప్రోలువారును ‘రా’. అమెరికా, ఆస్ట్రేలియాలకు పోయిన మన బిడ్డలు అచటి పత్రములలో కడపటి మాటను ఇంటిపేరుగా వ్రాయవలసివచ్చి, రావు, రెడ్డి, శర్మ, కుమారు అను మాటలను ఇంటిపేర్లుగా జేసికొనుచున్నారు. వారి బిడ్డలకు అసలు ఇంటిపేరు ఒక్క యక్షరముగా గూడ మిగులదు. మగసంతతి లేక పోయిన పేరునకు లెక్క కారణము. మగసంతతి యుండియు పోయిన పేరునకు మన యజాగ్రత్తయే కారణము.

నా బాల్యమిత్రుడొకడు తన తాతగారి కాగితములను మూటగట్టుకొని ఒకనాడు మా ఇంటికి వచ్చెను. ఉర్దూలో నున్న పాత పత్రమున ఇంటిపేరొక విధముగను, తెలుగులో వేరొక విధముగను, ఇంగ్లీషులో మూడవ విధముగను వ్రాయబడియుండెను. ఉర్దూలిపిలో హ్రస్వస్వరములను సాధారణముగా వ్రాయరు. మూలము తెలియని లేఖరి చదివినపుడు ఇకారము అకారమగును, ఉకారము మాయమగును. మూడు పత్రములలోని మువ్వురును ఒక్క వంశమువారే యని నిరూపించుటకు నా మిత్రునికి రెండేండ్లు పట్టినది. కడపట ఆయనను గట్టెక్కించినది ఏ దస్తావేజును గాదు. మేనత్తగారి పెట్టెలో దొరికిన యొక పాత లగ్నపత్రిక. అందు ఇంటిపేరు, గోత్రము, ఊరు, మూడు తరముల పేర్లు స్పష్టమైన తెలుగక్షరములలో నుండెను. పుట్టింటిపేరును విడిచి మెట్టినింటికి బోయిన ఆడుబిడ్డయే పుట్టింటిపేరును భద్రపరచినది.

మన జనగణన పుస్తకములలో మతములకు, భాషలకు, వృత్తులకు పట్టికలు గలవు. 1931 వరకు కులములకును విపులమైన పట్టికలుండెను. ఇంటిపేర్లకు మాత్రము పట్టిక యుండదు. హైదరాబాదు రాజ్యమున 1901లో ఒక కోటి పదునొకండు లక్షల జనులున్నారని యానాటి లెక్క. వారిలో ఏ ఇంటిపేరివారెందరో ఆ పుస్తకములు చెప్పవు. కాని వేరువిధమైన గణనలు మనకు లేకపోలేదు. నిజాము రాష్ట్రమున తెలుగుకవులు లేరను మాట పుట్టినపుడు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండకవుల సంచికను ప్రకటించి, 354 మంది కవులను లోకమునకు జూపిరి. ఊరూరనుండి వచ్చిన ఆ కవుల పట్టిక కవిత్వమునకు మాత్రమే గాక తెలంగాణపు ఇంటిపేర్లకును ఒక సాక్ష్యము. లేరన్నవారికి సమాధానము వాదము గాదు, పట్టిక. పేర్లు వ్రాసిపెట్టుటయే జవాబు.

కావున పెద్దలారా, నా విన్నపము చిన్నది. మీ ఊరిలోని ఇంటిపేర్లను ఒక నోటుపుస్తకమున వ్రాయుడు. పేరును కుదింపక పూర్తిగా వ్రాయుడు. ప్రక్కన ఆ పేరుగల ఇండ్లెన్నియో వ్రాయుడు. ఆ ఇంటివారు ఏ ఊరినుండి వచ్చితిమని చెప్పుదురో, ఏ చెట్టును, ఏ వృత్తిని, ఏ పదవిని హేతువుగా జెప్పుదురో వారి మాటలలోనే వ్రాయుడు. విన్నది విన్నట్లు, చూచినది చూచినట్లు వేరుపరుపుడు. ఖ్వాజా ఆబిదును ఆల్బర్టు ఆబిదుతో గలుపకుడు. ఒకే ఇంటిపేరు గలవారెల్లరును దాయాదులని తొందరపడి తలపకుడు. ఊరొక్కటి కావచ్చును, వంశము వేరు కావచ్చును. పాత లగ్నపత్రికలను, దస్తావేజులను పారవేయకుడు. పుట్టింటి పేర్లను గూర్చి మీ ఇంటి ఆడువారినడుగుడు. మీ మనుమలు దూరదేశమున నున్నచో ఇంటిపేరును పొడియక్షరముగా గాక పూర్తిగా వ్రాసి పంపుడు. ఒంటియిల్లుగా మిగిలిన పేరేదైన గాన్పించినచో దానిని మొదట వ్రాయుడు. దానికి వ్యవధి తక్కువ.

సుల్తానుబజారులోని భాషానిలయపు మెట్లెక్కి తెలుగుపుస్తకము తీసిన ప్రతివాడును, తెలిసియో తెలియకయో, ఆ రావిచెట్టు నీడనే గూర్చుండుచున్నాడు. ఒక ఇంటిపేరు కుమారులవలన నిలుచును, లేదా కార్యమువలన నిలుచును. రెండును చేతకానివారము కనీసము వ్రాతవలననైన నిలుపవచ్చును గదా. నాంపల్లిలో మంచి జారిపోయి పేరు మిగిలినది. మన ఇండ్లలో మంచి మిగిలి పేరు జారిపోకుండ జూచుకొందము.